కంప్యూటరు ఇంజనీరు చదువుకు గీటురాయి ఏది?

1937 మార్చి 18వ తేదీ. టెక్సాస్ రాష్ట్రపు తూర్పు ప్రాంతంలో, చమురు బావుల నడుమనున్న న్యూ లండన్ అనే చిన్న ఊరిలో బడి వదిలే వేళ కావచ్చింది. చమురు బావుల వద్ద వృథాగా పోయే సహజవాయువును గొట్టం ద్వారా తెచ్చుకొంటే ఖర్చు తగ్గుతుందని ఆ బడి యాజమాన్యం భావించింది. ఆ వాయువుతోనే భవనాన్ని వెచ్చబరుస్తూ వచ్చింది. సహజవాయువుకు రంగు లేదు, వాసన లేదు. అది నేలమాళిగలోని ఖాళీ స్థలంలో మెల్లమెల్లగా పోగుపడుతున్నదని ఎవరూ పసిగట్టలేకపోయారు. చెక్కను నునుపు చేసే విద్యుత్ యంత్రాన్ని ఒక ఉపాధ్యాయుడు నడపబోగా పుట్టిన నిప్పురవ్వతో భవనం పేలిపోయింది. సుమారు 300 మంది పిల్లలు, ఉపాధ్యాయులు ప్రాణాలు కోల్పోయారు.

ఆ విషాదం నుండి రెండు శాసనాలు పుట్టాయి. వంటింటికీ బడికీ పంపే వాయువులో దుర్వాసన గల పదార్థాన్ని తప్పనిసరిగా కలపాలన్నది మొదటిది. ఇళ్ళలో గ్యాసు కారినప్పుడు ముక్కుకు తగిలే ఘాటైన వాసన గ్యాసుది కాదు. అందులో అత్యల్ప పరిమాణంలో కలిపే మెర్కాప్టాన్ల వంటి గంధక సమ్మేళనాలది. రెండవ శాసనం ఇంజనీర్లకు సంబంధించినది. ప్రజల ప్రాణాలతో ముడిపడిన నిర్మాణాలను తగిన విద్య, అనుభవం ఉన్నవారే చేపట్టాలని, అట్టివారు ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలని టెక్సాస్ శాసనసభ అదే సంవత్సరం నిర్ణయించింది.

ఈ రెండింటిలోనూ ఉన్న భావం ఒక్కటే. కంటికి కనిపించని ప్రమాదం ముందుగా తెలిసే ఏర్పాటు ఉండాలి. కంప్యూటరు ఇంజనీరింగు చదువుకు ప్రమాణాలు ఎందుకు, వాటితో ఒక విశ్వవిద్యాలయపు పాఠ్యప్రణాళికను తూచడం ఎట్లా అన్న ప్రశ్నలకు ఈ భావమే పునాది.

టైలర్ పట్టణంలో జరిగినది

న్యూ లండన్‌కు ఎంతో దూరంలో లేని పట్టణం టైలర్. 1986 మార్చి, ఏప్రిల్ నెలల్లో అక్కడి కేన్సరు చికిత్సాలయంలో ఇద్దరు రోగులకు థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రం విపరీతమైన మోతాదులో కిరణాలను ప్రసరింపజేసింది. మొదటి రోగికి వైద్యులు నిర్ణయించిన మోతాదు 180 రాడ్లు. ఆయన శరీరంలో ఒక చిన్న భాగానికి చేరినది 16,500 నుండి 25,000 రాడ్ల వరకు ఉండవచ్చునని తరువాత అంచనా వేశారు. ఇద్దరూ మరణించారు. 1985 జూన్ నుండి 1987 జనవరి వరకు అమెరికా, కెనడాలలో ఆ యంత్రం వలన జరిగినట్లు తెలిసిన ప్రమాదాలు మొత్తం ఆరు.

ఆ యంత్రం రెండు విధాలుగా పనిచేస్తుంది. ఒక పద్ధతిలో ఎలక్ట్రాన్లను నేరుగా ప్రయోగిస్తారు. రెండవ పద్ధతిలో ఎలక్ట్రాన్లను ఒక లోహఫలకం మీదికి పంపి ఎక్స్-కిరణాలను పుట్టిస్తారు. ఇందుకు సుమారు 100 రెట్లు ఎక్కువ విద్యుత్ ప్రవాహం కావాలి. టైలర్‌లో యంత్రం నడిపే ఉద్యోగిని పొరపాటున ఎక్స్-కిరణాలకు చెందిన అక్షరం నొక్కి, వెంటనే దానిని దిద్దింది. ఆ దిద్దుబాటు ఎనిమిది సెకన్లలోపు పూర్తయింది. యంత్రంలోని అయస్కాంతాలను సరిచేయడానికి ప్రోగ్రాము తీసుకొనే కాలం కూడా ఇంచుమించు అంతే. ఆ వ్యవధిలో జరిగిన మార్పును ప్రోగ్రాము పూర్తిగా గమనించలేదు. ఫలితంగా ఎక్స్-కిరణాలకు కావలసినంత ప్రవాహం, లోహఫలకం అడ్డు లేకుండా, నేరుగా రోగిని తాకింది. తెర మీద కనిపించినది "మాల్‌ఫంక్షన్ 54" అన్న మాట మాత్రమే. అది ఎంత ప్రమాదకరమో తెలిపే వివరణ ఏదీ లేదు.

దానికి ముందు తరపు యంత్రమైన థెరాక్-20లోని ప్రోగ్రాములో కూడా ఇదే లోపం ఉండేదని తరువాత తెలిసింది. కాని అందులో ప్రోగ్రాముతో నిమిత్తం లేకుండా ప్రవాహాన్ని ఆపివేసే విద్యుత్, యాంత్రిక రక్షణలు ఉండేవి. అందువలన ఫ్యూజు పోయేదే తప్ప మనిషి పోయేవాడు కాదు. కొత్త యంత్రంలో ఆ రక్షణలను తొలగించి, ఆ బాధ్యతను చాలావరకు సాఫ్టువేరు మీదనే ఉంచారు.

1987 జనవరిలో వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమాలో జరిగిన ప్రమాదానికి కారణం మరొక లోపం. ఒకే బైటు పరిమాణం గల ఒక సంఖ్య, ప్రోగ్రాము ఒక భాగాన్ని చుట్టివచ్చిన ప్రతిసారీ ఒకటి చొప్పున పెరిగేది. ఒక బైటులో ఇమిడే విలువలు 256 మాత్రమే. కనుక 256వ సారి అది తిరిగి సున్న అయ్యేది. సున్న అంటే "పరీక్షించవలసినది ఏమీ లేదు" అని ఆ ప్రోగ్రాముకు అర్థం. సరిగ్గా ఆ క్షణంలో మీట నొక్కితే రక్షణ పరీక్ష జరగకుండానే యంత్రం ముందుకు సాగేది.

ఒక బైటులో 255కు ఒకటి కలిపితే సున్న వస్తుందన్నది కంప్యూటరు విద్యార్థి తొలి సంవత్సరాలలోనే నేర్చుకొనే విషయం. ఈ ప్రమాదాలకు కారణం ఏదో ఒక పాఠం పుస్తకంలో లేకపోవడం కాదు. ఆ సాఫ్టువేరును ఒకే వ్యక్తి వ్రాశాడు. దానిని రూపొందించిన విధానానికి, పరీక్షించిన తీరుకు తగిన లిఖిత పత్రాలు లేవు. రక్షణ పరికరాలు తీసివేసినప్పుడు మొత్తం వ్యవస్థకు కలిగే ముప్పును సమగ్రంగా విశ్లేషించలేదు. ఒక ఆసుపత్రిలో జరిగినది మరొక ఆసుపత్రికి సకాలంలో చేరలేదు. విడివిడి పాఠాలు తెలిసి ఉండడం వేరు. వాటన్నిటినీ ఒక మనిషి ప్రాణానికి జవాబుదారీగా కలిపి ఉపయోగించగలగడం వేరు. ఒక పాఠ్యప్రణాళికను తూచేవారు వెదకవలసినది ఈ రెండవ దానిని.

ప్రమాణాలు ఎక్కడి నుండి వచ్చాయి?

"వృత్తి ప్రమాణాలు" అన్న మాట కింద మూడు వేర్వేరు విషయాలు కలిసిపోతూ ఉంటాయి. వాటిని విడదీసి చూడడం అవసరం.

మొదటిది లైసెన్సు. ఇది వ్యక్తికి ప్రభుత్వం ఇచ్చేది. అమెరికాలో ఇంజనీర్లకు లైసెన్సు విధించిన తొలి రాష్ట్రం వయోమింగ్. ఆ సంవత్సరం 1907.

రెండవది అక్రెడిటేషన్, అనగా ఒక చదువుకు వృత్తి సంఘాల తరపున లభించే గుర్తింపు. అమెరికా ఇంజనీరింగు విద్యలో ఈ మార్గాన ముందడుగు వేసినది రసాయన ఇంజనీర్లు. వారి సంఘం 1925లోనే తాను పరిశీలించి ఆమోదించిన 14 విద్యాసంస్థల జాబితాను వెలువరించింది. 1932లో ఏడు ఇంజనీరింగు సంఘాలు కలిసి ఒక ఉమ్మడి మండలిని స్థాపించుకొన్నాయి. 1980లో పేరు మార్చుకొని నేడు ఏబెట్ అన్న పేరుతో వ్యవహరిస్తున్నది ఆ మండలియే. కంప్యూటరు ఇంజనీరింగు అన్న పేరుతో ఇట్టి గుర్తింపు పొందిన తొలి చదువు ఒహాయో రాష్ట్రంలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో, 1971లో మొదలయింది.

మూడవది మార్గదర్శక ప్రణాళిక. కంప్యూటరు నిపుణుల సంఘమైన ఏసీఎం 1968లో ఒక ఆదర్శ పాఠ్యప్రణాళికను ప్రచురించింది. ఆ తరువాత ఐట్రిపుల్‌ఈ కంప్యూటరు సొసైటీతో కలిసి ఈ పనిని కొనసాగించింది. కంప్యూటరు ఇంజనీరింగుకు ప్రత్యేకంగా 2004లో ఒక ప్రణాళిక, 2016లో దాని సవరించిన రూపం వెలువడ్డాయి. ఇది శాసనం కాదు. అనుసరించవలసిన నిర్బంధమూ లేదు. ఆ రంగంలో పట్టభద్రుడైనవాడికి కనీసం ఏమేమి తెలియాలో అనుభవజ్ఞులు కూర్చుని వేసిన లెక్క అది.

ఆ లెక్క ఆసక్తికరంగా ఉంటుంది. 2016 ప్రణాళికలో జ్ఞానక్షేత్రాలు 12. వాటన్నిటికీ కలిపి తప్పనిసరి బోధనా కాలం 420 గంటలు. దీనికి గణితం కోసం మరో 120 గంటలు అదనం. కంప్యూటరు నిర్మాణానికి 60 గంటలు, ఎలక్ట్రానిక్ వలయాలకు 50, డిజిటల్ రూపకల్పనకు 50, సాఫ్టువేరు రూపకల్పనకు 45, ఇతర పరికరాలలో ఇమిడి పనిచేసే ఎంబెడెడ్ కంప్యూటర్లకు 40, సమాచార భద్రతకు 20 గంటలు కేటాయించారు. నీతి, బాధ్యత, చట్టం, సంభాషణ మొదలైన వృత్తి సన్నాహానికి దక్కినవి 20 గంటలు. మొత్తంలో ఇది ఇంచుమించు ఇరవయ్యో వంతు. ఇవి తరగతిలోని ఉపన్యాసపు గంటలు మాత్రమే. ప్రయోగశాల, ఇంటిపని వీటిలో చేరవు. మూడు క్రెడిట్ల కోర్సుకు సుమారు 40 గంటల బోధన అనుకొంటే 420 గంటలు పదిన్నర కోర్సులకు సమానం. అనగా కనీస అవసరాలు తీరిన తరువాత కూడా నాలుగేళ్ళ చదువులో విశ్వవిద్యాలయానికి తన ప్రత్యేకతను చూపుకొనే చోటు మిగులుతుంది.

మూడు జల్లెడలు

ఇప్పుడు ఒక పాఠ్యప్రణాళిక పరిశీలకుల చేతికి వచ్చిందనుకొందాం. దానిని వారు ఒకదాని తరువాత ఒకటిగా మూడు జల్లెడలలో పడతారని చెప్పవచ్చు.

ఏమి బోధిస్తున్నారు అన్నది మొదటి జల్లెడ. ఏబెట్ నియమాల ప్రకారం ఇంజనీరింగు పట్టానికి గణితం, మౌలిక శాస్త్రాలు కలిసి కనీసం 30 సెమిస్టరు క్రెడిట్లు, ఇంజనీరింగు విషయాలు కనీసం 45 క్రెడిట్లు ఉండాలి. వీటికి తోడు విశాలమైన సాధారణ విద్య, చదువు ముగింపులో ఒక పెద్ద రూపకల్పన ప్రాజెక్టు ఉండాలి. కంప్యూటరు ఇంజనీరింగు అన్న పేరు పెట్టుకొన్న చదువులో కలనగణితం, సంభావ్యత, గణాంకశాస్త్రం, వివిక్త గణితం తప్పనిసరి. హార్డువేరు, సాఫ్టువేరు రెండూ కలిసిన సంక్లిష్ట వ్యవస్థలను విశ్లేషించి రూపొందించే శిక్షణ కూడా ఉండాలి. కేవలం ప్రోగ్రాములు వ్రాయడం నేర్పి ఆ పేరు పెట్టుకోవడానికి వీలు లేదు.

ఇది కొలవడానికి సులభమైన జల్లెడ. ఒక కాగితం మీద అడ్డంగా కోర్సుల పేర్లు, నిలువుగా కావలసిన విషయాల పేర్లు వ్రాసి గడులు నింపితే ఖాళీలు బయటపడతాయి. కాని గడి నిండినంత మాత్రాన విద్యార్థి బుర్ర నిండినట్లు కాదు. చాలాకాలం ఇంజనీరింగు విద్య ఈ గడుల లెక్క వద్దనే ఆగిపోయిందన్న విమర్శ వచ్చింది. ఆ విమర్శకు సమాధానంగా 1990ల చివరి సంవత్సరాలలో ఏబెట్ తన పద్ధతిని సమూలంగా మార్చుకొన్నది. ఏమి చెప్పారు అన్న ప్రశ్న నుండి, పట్టభద్రుడు ఏమి చేయగలడు అన్న ప్రశ్నకు దృష్టి మళ్ళింది.

ఆ ప్రశ్నే రెండవ జల్లెడ. నాడు 11 అభ్యసన ఫలితాలను నిర్దేశించగా, 2019-20 విద్యాసంవత్సరం నుండి వాటిని ఏడుగా కుదించారు. సంక్లిష్ట సమస్యలను సాధించడం. ప్రజల ఆరోగ్యం, భద్రత, సంక్షేమాలను దృష్టిలో ఉంచుకొని రూపకల్పన చేయడం. వేర్వేరు శ్రోతలకు తగినట్లు చెప్పగలగడం. నైతిక బాధ్యతను గుర్తించి నిర్ణయం తీసుకోవడం. నలుగురితో కలిసి పనిచేయడం. ప్రయోగాలు చేసి ఫలితాలను విశ్లేషించడం. కొత్త విద్యను స్వయంగా సంపాదించుకోవడం. థెరాక్-25 కథను ఈ ఏడింటి పక్కన ఉంచి చూస్తే, ఆ యంత్రం విషయంలో లోపించినవి ఏవో సులభంగా గుర్తించవచ్చు.

అయితే ఇట్టి సామర్థ్యాలను కొలవడం ఎట్లా? ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు సగటు మార్కులను నమ్ముకోవడం. ఒక తరగతి విద్యార్థులు మధుమేహ రోగికి ఇన్సులిన్ అందించే చిన్న పంపును నియంత్రించే కంప్యూటరును ప్రాజెక్టుగా తయారుచేశారనుకొందాం. రూపకల్పన, ప్రోగ్రాము, నివేదిక, లోపం ఏర్పడినప్పటి రక్షణ అని నాలుగు అంశాలకు 25 చొప్పున మార్కులు. తరగతి సగటు మొదటి మూడింటిలో 22, 21, 20. నాల్గవ దానిలో 10. మొత్తం 73. చూడడానికి ముచ్చటైన సంఖ్యయే. తల్లిదండ్రులు సంతోషిస్తారు, అధ్యాపకుడు తృప్తి పడతాడు. కాని బ్యాటరీ క్షీణిస్తే, సెన్సరు తప్పు సంఖ్య పంపితే ఆ పంపు ఏమి చేస్తుందన్న ప్రశ్నకు ఆ తరగతి సగం సమాధానం కూడా చెప్పలేకపోయిందన్న నిజం ఆ 73లో కలిసిపోయింది.

రసాయన పరిశోధనశాలలలో ఈ పొరపాటు అందరికీ పరిచితమే. నది ఒడ్డున నాలుగు రేవుల వద్ద తీసిన నీటిని ఒకే సీసాలో కలిపి పరీక్షిస్తే, ఒక రేవు వద్ద కలుస్తున్న విషం మిగిలిన మూడు రేవుల మంచినీటిలో పలచబడిపోతుంది. ఫలితం "హానికర స్థాయి లేదు" అని రావచ్చు. ఆ నాల్గవ రేవులో నీళ్ళు త్రాగేవారికి ఆ ఫలితం వలన ప్రయోజనం శూన్యం. కనుక ప్రతి నమూనాను విడిగా పరీక్షించాలి. అదే విధంగా ప్రతి సామర్థ్యాన్నీ విడిగా, ముందుగా వ్రాసిపెట్టుకొన్న కొలమానంతో, విద్యార్థుల అసలు పనిని చూసి అంచనా వేయాలి.

తెలిసిన లోపాన్ని ఏమి చేశారు అన్నది మూడవ జల్లెడ. మూడింటిలోనూ ఇదే కఠినమైనది. పై ఉదాహరణలో నాల్గవ అంశం బలహీనమని తేలిన తరువాత, మరుసటి ఏడు ఎంబెడెడ్ వ్యవస్థల కోర్సులో ప్రమాద విశ్లేషణపై రెండు వారాల అభ్యాసం చేర్చారా? చేర్చిన తరువాత తిరిగి కొలిచారా? 10 కాస్తా 17 అయిందా, లేక 10గానే ఉండిపోయిందా? ఈ వలయం పూర్తి కాకపోతే కొలత అంతా కాగితాల బరువుగానే మిగులుతుంది. ఏబెట్ తన సాధారణ ప్రమాణాలలో "నిరంతర అభివృద్ధి"ని పాఠ్యప్రణాళికతో సమానంగా ఒక ప్రత్యేక ప్రమాణంగా ఉంచడానికి కారణం ఇదే.

ఈ తనిఖీ ఆచరణలో ఇట్లా సాగుతుంది. మొదట విభాగమే తనను తాను పరీక్షించుకొని ఒక విస్తృతమైన నివేదిక వ్రాస్తుంది. తరువాత విశ్వవిద్యాలయాల నుండి, పరిశ్రమల నుండి స్వచ్ఛందంగా వచ్చే నిపుణుల బృందం సాధారణంగా మూడు రోజులు పర్యటిస్తుంది. వారు ప్రయోగశాలలు చూస్తారు, విద్యార్థులతోను అధ్యాపకులతోను మాట్లాడతారు, దిద్దిన ప్రాజెక్టులను, మార్కుల పత్రాలను పరిశీలిస్తారు. కనుగొన్న లోపాలను తీవ్రతను బట్టి మూడు తరగతులుగా విభజిస్తారు. అంతా సంతృప్తికరంగా ఉంటే తిరిగి సంపూర్ణ పరిశీలన ఆరేళ్ళకు. లేకపోతే అంతకు ముందే.

గుర్తింపు చెప్పేది, చెప్పనిది

గుర్తింపు కనీస ప్రమాణానికి సాక్ష్యమే గాని శ్రేష్ఠతకు కొలత కాదు. పత్రికలు ప్రకటించే ర్యాంకులకూ దీనికీ సంబంధం లేదు. పైగా ఏబెట్ గుర్తింపు ఒక నిర్దిష్టమైన చదువుకు మాత్రమే వర్తిస్తుంది, విశ్వవిద్యాలయం మొత్తానికి కాదు. ఒకే ప్రాంగణంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగుకు ఉండి కంప్యూటరు సైన్సుకు లేకపోవచ్చు. కంప్యూటరు సైన్సును పరిశీలించే సంఘం వేరు, కంప్యూటరు ఇంజనీరింగును పరిశీలించే సంఘం వేరు. ప్రమాణాలు కూడా వేరు. కొన్ని ప్రఖ్యాత విశ్వవిద్యాలయాలు తమ కంప్యూటరు సైన్సు చదువుకు ఈ గుర్తింపును కోరనే కోరలేదు. తమ పేరే చాలునన్నది, తమ స్వేచ్ఛకు అడ్డు కూడదన్నది వారి అభిప్రాయం. ఆ చదువులు తక్కువవని దీని అర్థం కాదు.

మరి పాఠ్యప్రణాళిక మీద ఇంత పట్టుదల ఎందుకు? కారణం లైసెన్సు చరిత్రలో ఉంది. న్యూ లండన్ విషాదం తరువాత ఇంజనీర్ల నమోదు చట్టం చేసిన టెక్సాస్ రాష్ట్రమే 1998లో సాఫ్టువేరు ఇంజనీరింగును లైసెన్సుకు అర్హమైన ప్రత్యేక శాఖగా అమెరికాలో మొదట గుర్తించింది. ఆ శాఖకు జాతీయ స్థాయి లైసెన్సు పరీక్ష 2013లో మొదలయింది. దానిని ఐదుసార్లు నిర్వహించగా వ్రాసినవారు మొత్తం 81 మంది. 2019 ఏప్రిల్ తరువాత ఆ పరీక్షను నిలిపివేశారు. కంప్యూటరు హార్డువేరు ప్రధానమైన పరీక్ష ఎలక్ట్రికల్ శాఖతో కలిసి నేటికీ ఉన్నది. అయినప్పటికీ పరిశ్రమలలో పనిచేసే ఇంజనీర్లకు చాలా రాష్ట్రాలు లైసెన్సు నుండి మినహాయింపు ఇస్తున్నందున, దానిని తీసుకొనేవారు తక్కువ.

వంతెన కట్టే ఇంజనీరుకు పట్టం పొందిన తరువాత కూడా దాటవలసిన ద్వారాలు ఉన్నాయి. పరీక్ష ఉంది, అనుభవజ్ఞుని పర్యవేక్షణ ఉంది, నక్షా మీద పడే ముద్రకు చట్టబద్ధమైన బాధ్యత ఉంది. కారు బ్రేకును, ఆసుపత్రి యంత్రాన్ని నడిపించే ప్రోగ్రాము వ్రాసే యువతికి గాని యువకునికి గాని వ్యక్తిగతంగా ఎదురయ్యే చివరి పెద్ద ద్వారం చాలా సందర్భాలలో విశ్వవిద్యాలయమే. అక్కడ కొలత సడలితే ఆ తరువాత పట్టుకొనేవారు తక్కువ.

స్వదేశంతో ముడి

ఈ విషయం తెలుగు కుటుంబాలకు మరొక వైపు నుండి కూడా దగ్గరది. 1989లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజీలండ్ దేశాల ఇంజనీరింగు సంస్థలు వాషింగ్టన్ ఒప్పందం చేసుకొన్నాయి. ఒకరు గుర్తించిన ఇంజనీరింగు పట్టాన్ని తక్కినవారు సమానమైనదిగా పరిగణిస్తారన్నది దాని సారాంశం. తెలుగువారు తరతరాలుగా ఉంటున్న దక్షిణాఫ్రికా 1999లోను, మలేషియా 2009లోను అందులో చేరాయి. భారతదేశంలో 1994లో ఏర్పడిన జాతీయ గుర్తింపు మండలి 2014 జూన్‌లో పూర్తి సభ్యత్వం పొందింది.

ఐతే ఇక్కడ గమనించవలసిన మెలిక ఒకటి ఉన్నది. భారతీయ మండలి విద్యాసంస్థలను రెండు శ్రేణులుగా పరిశీలిస్తుంది. తమ పాఠ్యప్రణాళికను తామే నిర్ణయించుకొనే విశ్వవిద్యాలయాలు, స్వయంప్రతిపత్తి గల కళాశాలలు మొదటి శ్రేణి. విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉంటూ అది ఇచ్చిన సిలబస్‌ను బోధించే కళాశాలలు రెండవ శ్రేణి. ఒప్పందం ప్రకారం సమానత్వం మొదటి శ్రేణిలో గుర్తింపు పొందిన చదువులకే వర్తిస్తుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇంజనీరింగు కళాశాలలు చాలావరకు అనుబంధ పద్ధతిలోనే పెరిగాయి. 1972లో స్థాపించబడి 2008లో హైదరాబాదు, కాకినాడ, అనంతపురం శాఖలుగా విడిపోయిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఇందుకు ప్రధాన ఉదాహరణ. ఈ పద్ధతిలో మారుమూల కళాశాల విద్యార్థికి కూడా ఒకే సిలబస్, ఒకే పరీక్ష అందుతాయి. అది చిన్న మేలు కాదు. కాని మూడవ జల్లెడ వద్ద చిక్కు వస్తుంది. లోపాన్ని తరగతిలో కళ్ళారా చూసేది కళాశాల అధ్యాపకుడు; సిలబస్‌ను మార్చే అధికారం విశ్వవిద్యాలయానిది. ఇద్దరి నడుమ దూరం ఎంత పెరిగితే దిద్దుబాటు అంత ఆలస్యమవుతుంది. అటువంటి చోట కూడా శ్రద్ధ గల అధ్యాపకుడు ప్రాజెక్టుల ద్వారా, ప్రయోగశాల ద్వారా చాలావరకు ఆ లోటును పూడ్చగలడు.

కుటుంబాలు అడగదగిన ప్రశ్నలు

హైస్కూలు ముగించి కళాశాలను ఎంచుకొనే పిల్లలున్న ఇళ్ళలో సాధారణంగా వినిపించే ప్రశ్నలు ర్యాంకు, ఫీజు, ఉద్యోగం. వాటికి మరికొన్ని చేర్చుకోవడం మంచిది.

పిల్లలు చేరదలచిన చదువు పేరు సరిగ్గా ఏమిటి? దానికి గుర్తింపు ఉన్నదా? ఏబెట్ గుర్తించిన చదువుల జాబితా అందరికీ అందుబాటులో ఉన్నది. గుర్తింపు పొందిన ప్రతి చదువూ తన ఆశయాలను, అభ్యసన ఫలితాలను, ఏటేటా చేరినవారి, పట్టం పొందినవారి సంఖ్యలను బహిరంగంగా ప్రకటించాలన్న నియమం కూడా ఉన్నది. వందమంది చేరితే ఎందరు గట్టెక్కుతున్నారో అక్కడ తెలుస్తుంది.

చివరి సంవత్సరపు ప్రాజెక్టులు ఎట్లా ఉంటాయి? వాటిని ఎవరు పరీక్షిస్తారు? పరికరం చెడిపోయినప్పుడు ఏమవుతుందన్న ప్రశ్న అక్కడ ఎవరైనా అడుగుతారా? ప్రాంగణం చూడడానికి వెళ్ళినప్పుడు పై తరగతి విద్యార్థిని ఈ మాట అడిగితే ఐదు నిమిషాలలో చాలా సంగతులు బయటపడతాయి.

అన్నిటికంటె పదునైన ప్రశ్న మరొకటి: "గత ఐదేళ్ళలో ఈ చదువులో మీరు దిద్దుకొన్న లోపం ఏమిటి?" మంచి విభాగం ఈ ప్రశ్నకు నొచ్చుకోదు. ఏ కోర్సును ఎందుకు మార్చారో, మార్చిన తరువాత ఏమి తేలిందో వివరంగా చెబుతుంది. "మా దగ్గర లోపాలు లేవు" అన్న సమాధానం వస్తే కొంచెం ఆలోచించుకోవలసిందే.

గీటురాయి బంగారాన్ని తయారు చేయదు. ఉన్నది బంగారమా, ఇత్తడా అన్నది చెబుతుంది. పాఠ్యప్రణాళికకు ప్రమాణాలు కూడా అంతే. వాటంతట అవి ఒక్క మంచి ఇంజనీరును తయారు చేయలేవు; ఆ పని గురువుది, శిష్యునిది. కాని ప్రోగ్రాములో దాగిన తప్పుకు, సగటు మార్కులో దాగిన బలహీనతకు స్వతహాగా వాసన ఉండదు. న్యూ లండన్ బడి పిల్లలను పోగొట్టుకొన్న తరువాత టెక్సాస్ ప్రజలు గ్యాసుకు వాసన కల్పించారు. నేడు ఏ ఇంట్లోనైనా గ్యాసు కారితే పసిపిల్ల కూడా "అమ్మా, ఏదో వాసన" అని చెప్పగలుగుతున్నది. తమ పిల్లలు చదివే చదువు విషయంలో, రేపు ఆ పిల్లలు తయారుచేసే యంత్రాల విషయంలో అదే విధంగా ముందుగా పసిగట్టే అలవాటును ప్రతి కుటుంబమూ పెంచుకోవడం ఎంతైనా అవసరం.